అవ్వ కరిగించిన మందు

బస్సెక్కే ప్రతి మనిషికీ నా ఒంటి మీద హక్కున్నట్టుంది. మెట్టు మీద కాలు పెట్టకముందే "ఎట్లున్నది కండక్టర్ సాబ్, తగ్గిందా?" అంటారు. తగ్గిందంటే ఏం మందు వాడావని ఆరా. తగ్గలేదంటే ఫలానా ఊళ్ళో ఒకాయన ఆకుపసరు పోస్తాడు, ఆదివారం పొద్దున్నే పరగడుపున వెళ్ళమని సలహా. పక్క సీటావిడ ఇంకో ఊరు చెబుతుంది. వెనక సీటాయన వాళ్ళిద్దరినీ కొట్టిపారేసి మూడో ఊరు చెబుతాడు. కోరుట్లలో బయల్దేరి సిరిసిల్ల చేరేలోపు నేను కొట్టే టికెట్లకన్నా వాళ్ళు చెప్పే వైద్యాలు ఎక్కువవుతున్నాయి. అందుకని మొత్తం ఒకసారి రాసి పెడుతున్నాను. ఇకమీద ఎవరడిగినా ఇది చేతిలో పెట్టి నా పని నేను చూసుకుంటాను.

నా పేరు రాజేశం. మాది కోరుట్ల. మా నాయిన తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. ఆయన అరికాళ్ళు ఎప్పుడూ పగిలి, గట్టిపడి, నల్లబడి ఉండేవి. కాబట్టి పోయిన ఏడాది వానాకాలం మొదట్లో నా ఎడమ మడమ కింద నల్లటి మచ్చ కనబడితే నేను పట్టించుకోలేదు. రోజంతా నిలబడి చేసే ఉద్యోగం. పైగా ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక లోపల నిలబడడానికే చోటు లేదు. ఎవరి చెప్పు ఎవరి కాలి మీద పడిందో ఎవరికి తెలుసు? ఆనెకాయ అనుకున్నాను.

నాతో డ్యూటీ చేసే డ్రైవర్ ఖాజా భాయ్ చూసి, "గిది ఆనె గాదు గౌడ్ సాబ్. ముల్లు ఇరిగి లోపట్నే ఉన్నది" అన్నాడు. మా అవ్వ లచ్చవ్వ చూసి ముల్లయినా ఆనె అయినా మందు ఒకటే అంది. నల్లజీడి గింజను సూదికి గుచ్చి, దీపం మీద కాల్చి, ఉబికిన నూనెను మచ్చ మీద సుర్రుమనిపించింది. నేను గావుకేక పెట్టాను. "మీ నాయిన తాడెక్కి దిగినంక గిది పెడితే ఉలుకు పలుకు లేకుంట కూసునేది" అని నన్నే కోప్పడింది. పుండు పడింది, మానింది. మళ్ళీ నల్లగా వచ్చింది. ఈసారి కొంచెం పెద్దగా, అంచులు వంకరగా. దసరాకు ముందు సాక్సు విప్పితే మడమ దగ్గర రక్తం కనబడింది. గజ్జల్లో ఒక బిళ్ళ తగిలింది. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టడం మామూలే అని అందరూ అన్నారు. అందరూ అంటే నిజంగానే అందరూ. ఒక్క మనిషి కూడా డాక్టరుకు చూపించమనలేదు.

చూపించమన్నది నా భార్య సునీత. అదీ సలహాగా కాదు, తిట్టుగా. "బస్సుకు సప్పుడస్తే షెడ్డుకు వంపుతవ్. నీ కాలికి రక్తం కారితే సాక్సు మారుస్తవ్" అని నన్ను జగిత్యాల లాక్కెళ్ళింది.

జగిత్యాలలో చర్మం డాక్టరు గారు మొదట బాగానే మాట్లాడాడు. ఏ రూటు, ఎన్ని ట్రిప్పులు అని నవ్వుతూ అడిగాడు. మడమ పట్టుకొని చూశాక నవ్వడం ఆపేశాడు. గజ్జల్లో చెయ్యి పెట్టి చూశాక మాట్లాడడమే ఆపేశాడు. డాక్టరు మాట్లాడడం ఆపేస్తే ఏమిటో అక్కడ బల్ల మీద పడుకున్నవాడికే తెలుస్తుంది. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాడు. ఆ ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో నేను డ్యూటీ చేశాను. చిల్లర తప్పుగా ఇచ్చాను. వేములవాడ టికెట్ అడిగిన ముసలాయనకు అంతకన్నా ముందే వచ్చే రుద్రంగి టికెట్ కొట్టి, అక్కడే దిగమని అరిచాను. ఆయన పాపం దిగిపోయాడు కూడా. ఖాజా భాయ్ బండి ఆపి, వెనక్కి నడిచి, ఆయన్ని ఎక్కించుకొని వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

క్యాన్సర్ అన్నారు. చర్మం క్యాన్సరట. అది తెల్లవాళ్ళకు వచ్చేదని ఎక్కడో విన్నాను. మనవాళ్ళకు అరికాళ్ళలో, గోళ్ళ కింద వస్తుందట. ఎక్కడైతే మనం చూసుకోమో అక్కడ. నాకు ముందు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. బీడీ తాగను. కల్లు గీసే ఇంట్లో పుట్టి కల్లు కూడా పండుగకే. నా కాలికెందుకు రావాలి? ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అవ్వకు చెప్పొద్దని ఆ రోజే అనుకున్నాం. నాయిన పోయాక ఆమె సగం అయింది. ఆ మాట వింటే తిండి మానేస్తుంది, మంచం పడుతుంది, అప్పుడు ఎవరిని చూసుకోవాలి అని సునీత అంది. సరే అన్నాను. ముల్లు లోపల చీము పట్టింది, హైదరాబాదులో కోసి తీస్తారు అని చెప్పాం. "గింత ముల్లుకు హైదరాబాదు ఎందుకురా?" అని ఒక్కసారి అడిగింది. మళ్ళీ అడగలేదు.

చలికాలంలో ఆపరేషన్ చేశారు. మడమ చెక్కి, తొడ మీది చర్మం తెచ్చి అతికించారు. గజ్జల్లో బిళ్ళలు తీసేశారు. దాని గురించి చెప్పడానికి ఏం లేదు, నేను నిద్రలో ఉన్నాను. చెప్పాల్సింది ఆ ముందూ వెనకా కూర్చున్న వరండాల గురించి. ఒక కిటికీ దగ్గర నిలబడితే ఇది కాదు, పక్క కిటికీ అంటారు. పక్క కిటికీలో మనిషి ఉండడు, కుర్చీ మీద తువ్వాల ఉంటుంది. నేను కండక్టర్ని, క్యూలో వెనకనుంచి దూరేవాణ్ణి మెడ చూసి పట్టేస్తాను. అక్కడ మాత్రం నా ముందు నుంచే ఎంతోమంది దూరిపోతుంటే కట్టుకాలుతో చూస్తూ కూర్చున్నాను. ఒకసారి అరిచాను. అరిచినందుకు ఎవరూ ఏమనలేదు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన కుర్చీ నాకిచ్చి తను నేల మీద కూర్చున్నాడు. ఆయనకు దవడ లేదు. ఆ తర్వాత నేను అరవలేదు.

ఆపరేషన్ గాయం మానాక డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. చిన్న వయసే, కృష్ణా జిల్లా మనిషి అనుకుంటాను. విసుక్కోకుండా చెప్పింది.

"కోసి తీసేశాం గానీ కంటికి కనపడనివి ఎక్కడైనా మిగిలి ఉండొచ్చండీ. మన ఒంట్లో కాపలా కణాలు ఉంటాయి. ఈ క్యాన్సర్ వాటిని మాయ చేసి తప్పించుకుంటుంది. ఆ మాయని తీసేసే మందు ఉంది. మామూలుగా సెలైన్‌లో ఎక్కిస్తాం. కొత్త పద్ధతి ఒకటి ఇక్కడ పరీక్షిస్తున్నాం. మందుని ఒక జెల్‌లో కట్టి పొట్ట చర్మం కింద పెడతాం. అక్కడే కూర్చుని కొద్దికొద్దిగా వదులుతుంది."

నాకు నా భాషలో అర్థమైంది. ఒంట్లో కండక్టర్లు నిద్రపోతున్నారు, టికెట్ లేనివాళ్ళు ఎక్కి దర్జాగా కూర్చున్నారు. ఈ మందు కండక్టర్లను లేపుతుంది. ఆ మాట అంటే డాక్టరమ్మ నవ్వింది, అంతకన్నా బాగా తనకు చెప్పడం రాదంది. జెల్ ఎలా ఉంటుందో కూడా చూపించింది. సూదిలో ఉన్నప్పుడు ముద్దగా ఉంది. ఒత్తితే నీళ్ళలా జారింది. గాజు పలక మీద పడి మళ్ళీ ముద్దయింది.

"ఇందులో జిగురేం లేదు. లోపలి కణికలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఉంటాయి, అంతే. నెడితే వదిలేస్తాయి, నెట్టడం ఆపితే మళ్ళీ పట్టుకుంటాయి" అంది.

పరీక్షిస్తున్నాం అన్న మాట దగ్గర ఇంట్లో రగడ మొదలైంది. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడిపే నా బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, నిన్ను ఎలుక లెక్క వాడుకుంటున్రు" అన్నాడు. "మరి నీ దగ్గర ఏమన్న మందున్నదా?" అని అడిగాను. లేదన్నాడు. లేనప్పుడు ఫోన్ పెట్టేయమన్నాను. అతను అలిగాడు, సునీత నా మీద అలిగింది. రెండు రోజుల తర్వాత ఆమే వచ్చి, "వంటింట్ల కూసోని ఏడుసుడు కన్న గదే నయం. సూది ఏపిచ్చుకో" అంది. ఖాజా భాయ్ మాత్రం ఒక్కటే అడిగాడు. "డాక్టరమ్మ కండ్లల్లకు సూసి చెప్పిందా, గోడకు సూసి చెప్పిందా?" కళ్ళల్లోకే అన్నాను. "బస్, గట్లయితే పో" అన్నాడు.

శివరాత్రి వెళ్ళాక సూది వేశారు. బొడ్డుకు పక్కన, చర్మం కింద రేగుపండంత గడ్డ లేచింది. అది లేవాల్సిందే. అదే మందు. గోకొద్దు, నొక్కొద్దు, బెల్టు బిగించొద్దు అని నర్సమ్మ చెప్పింది. ఇంగ్లీషు, తెలుగు కలిపి గబగబా చెప్పింది గానీ చెప్పింది. ఇంకా ఏవేవో చెప్పింది. ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది వాళ్ళకు తట్టి ఉండదు. మా ఇళ్ళల్లో సూది గడ్డ కడితే ఏం చేస్తామో ఆ పెద్ద దవాఖానలో ఎవరికి తెలుసు?

మా వైపు ఎవరినైనా అడగండి. చిన్నప్పటి నుంచీ సూది వేయించుకొని ఇంటికి వస్తే మొదటి పని కాపడం. ఉప్పు పెనం మీద వేయించి, పాత చీర ముక్కలో మూట కట్టి, గడ్డ మీద పెట్టి కాపుతారు. తర్వాత ఆముదం రాసి వేళ్ళతో చుట్టూ తిప్పుతూ రుద్దుతారు. గడ్డ కరగాలి. కరగకపోతే చీము పడుతుంది. ఇది వైద్యం కూడా కాదు, అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నట్టు. మా వీధి ఆర్‌ఎంపీ సూది తీసేటప్పుడే "రుద్దుకో" అంటాడు. జ్వరం వచ్చినప్పుడల్లా మా అవ్వ నన్ను అలాగే కాపి పెంచింది.

మేం ఇంటికొచ్చిన మర్నాడు సునీత సిరిసిల్లలో తమ్ముడి కూతురి పోచమ్మ బోనానికి వెళ్ళింది. నాకు ప్రయాణం బడలికకు కొంచెం ఒళ్ళు వెచ్చబడితే గోలీ వేసుకొని మధ్యాహ్నం పడుకున్నాను. బనీను పైకి జరిగింది. అవ్వ చూసింది.

"ఏందిర గింత గడ్డ? సూది ఏసినోడు రుద్దలేదా?"

"నొక్కొద్దన్నరే అవ్వా."

"నేను నొక్కుతనంటినా? కాపుత. నువ్వు పండుకో."

పండుకున్నాను. ఆ వేడి హాయిగా ఉంది, అది కూడా నిజమే. ఆపరేషన్ అయినప్పటి నుంచీ నన్ను ముట్టుకున్న చేతులన్నీ గ్లవుజులేసుకున్నవే. నిద్ర పట్టేసింది. సాయంత్రం ఆముదం రాసింది. మర్నాడు మళ్ళీ కాపింది, ఇంకాస్త గట్టిగా రుద్దింది. ఆ మాపటికి చూసుకుంటే గడ్డ లేదు. పొట్ట సాఫుగా ఉంది. "సూసినవా, నీ హైదరాబాదోళ్ళకు గింత తెల్వదు" అని అవ్వ సంబరపడింది. నాకు కూడా మంచిగానే అనిపించింది. మందంతా ఒంట్లోకి ఇంకిపోయిందనుకున్నాను. నిజంగానే ఇంకిపోయింది.

తర్వాత జరిగింది ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. చలి, ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు, నిప్పుల మీద పడుకున్నట్టు మంట. కడుపులో మెలిపెట్టి విరేచనాలు. సిరిసిల్ల నుంచి పరుగెత్తుకొచ్చిన సునీతకు దుప్పట్లు మార్చి మార్చి చేతులు పట్టు తప్పాయి. ఖాజా భాయ్ ఎవరిదో కారు అడుక్కొచ్చి అవ్వతో సహా మమ్మల్ని జగిత్యాల తీసుకెళ్ళాడు.

అక్కడి క్యాజువాలిటీ డాక్టర్ కుర్రవాడు. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు, అది కనబడుతోంది. డెంగీ అనుకున్నాడు.

"ఏం మందులు వాడుతున్నరు?" అని అడిగాడు.

"క్యాన్సర్‌కు సూది ఏసిన్రు సారూ. జెల్‌ల పెట్టి" అంది సునీత, అవ్వకు వినబడకుండా గొంతు తగ్గించి.

"జెల్ అంటే పూసేదా?"

"పూసేది కాదు. పొట్టల పెడ్తరు."

"మింగిన్రా మరి?"

"మింగలే సారూ! తోలు కింద పెట్టిన్రు!"

"ఏదీ, ఎక్కడున్నది?"

పొట్ట చూపిస్తే ఏముంది? ఏమీ లేదు. అతని ముఖంలో మేం అబద్ధం చెబుతున్నామన్న అనుమానం కనబడింది. సెలైన్ పెట్టి, డెంగీ పరీక్షకు రక్తం తీసి, వేరే పేషెంటు దగ్గరికి వెళ్ళిపోయాడు. సునీత గోడకు చేరబడి ఏడుస్తోంది. నాకు అరవాలని ఉంది, నోరు లేవడం లేదు. అప్పుడు ఖాజా భాయ్ హైదరాబాదు దవాఖానలో ఇచ్చిన కార్డు నా జేబులోంచి తీసి, దాని మీది నంబరుకు ఫోన్ కలిపాడు. ఒకరు ఇంకొకరికి ఇచ్చారు, ఇంకొకరు లైన్లో ఉండమన్నారు, పాట వచ్చింది. అతను కట్ చేయలేదు. చివరికి డాక్టరమ్మ దొరికితే, ఫోన్ పట్టుకొని నడుచుకుంటూ పోయి ఆ కుర్ర డాక్టర్ చెవికి ఆనించాడు. "సార్, జర ఇనున్రి. ఆమెతోని రెండు మాటలు మాట్లాడున్రి. తర్వాత నన్ను తిట్టున్రి" అన్నాడు.

రెండు మాటలకే ఆ డాక్టర్ ముఖం మారింది. స్టెరాయిడ్ సూది తెప్పించాడు. అంబులెన్సు మాట్లాడాడు. మా వెనకే వచ్చి, "నాకు గిసొంటిది తెల్వదు అన్నా, ఏమనుకోకు" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు.

హైదరాబాదులో డాక్టరమ్మ ముందు పొట్టే చూసింది. వేళ్ళతో తడిమింది.

"జెల్ ఏదండీ? ఇంత తొందరగా పోదే?"

మంచం పక్కన నిలబడ్డ అవ్వ ముందుకు వచ్చింది. మమ్మల్ని వదిలి ఉండనంటే ఆమెనూ అంబులెన్సులో ఎక్కించుకున్నాం.

"గా గడ్డనా బిడ్డా? నేనే కరిగించిన. ఉప్పు కాపడం పెట్టి, ఆముదం రాసి మంచిగ రుద్దిన. ఇగో, జాడ లేకుంట పోయింది" అంది. ముఖంలో ఎంత గర్వం!

డాక్టరమ్మ అవ్వను నీళ్ళు తాగి రమ్మని పంపింది. తర్వాత మాకు చెప్పింది. వేడి, రుద్దుడు కలిసి ఆ కణికల చేతులు విడిపించాయి, మళ్ళీ పట్టుకునే సందు ఇవ్వలేదు. వారాల తరబడి కారాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లో పడింది. అలా అయి ఉంటుందని తాము అనుకుంటున్నామని అంది. అంటే నా ఒంట్లో కండక్టర్లు మేల్కొన్నారు, కానీ పిచ్చెక్కి టికెట్ ఉన్నవాళ్ళను, పాసులున్నవాళ్ళను, డ్రైవర్ను కూడా కిందకు తోసేయడం మొదలుపెట్టారు. పేగులు పుండ్లయ్యాయి.

"కాపడం గురించి మేం చెప్పి ఉండాల్సిందండీ. మాకు తట్టలేదు" అంది డాక్టరమ్మ. ఇన్ని నెలల్లో దవాఖానలో ఒకరు తప్పు మాదని అనడం అదొక్కసారే విన్నాను.

బతికాను. ఎండాకాలం సగం అక్కడే గడిచింది. ఇప్పుడు నా ఫికరంతా ఒక్కటే, రెండో సూది ఇస్తారా ఇవ్వరా? ఇవ్వకపోతే ఆ మిగిలినవాటిని ఎవరు పట్టుకుంటారు? వాళ్ళందరూ కూర్చొని మాట్లాడి చెబుతామన్నారు. ఫోన్ పక్కన పెట్టుకొని కూర్చున్నాను. మోగితే లోన్ కావాలా అని అడుగుతారు. ఆ పిల్లలను ఎంత తిట్టానో. చివరికి పిలిపించి చెప్పారు. ఇవ్వలేమట. ఆ సూది కాదు, ఆ జాతి మందే నాకు ఇక ప్రమాదమట. అప్పుడప్పుడు స్కాన్ తీసి చూస్తూ ఉండడమే. మందు ఉంది, అది నా రోగానికి పనికొచ్చేదే, నాకు మాత్రం లేదు. తలుపు దగ్గర నిలబడి "నా తప్పేంది?" అని అడిగాను. డాక్టరమ్మ తలదించుకుంది. ఆమె తప్పు కూడా కాదు. ఎవరిదీ తప్పు కాని చోట కోపం ఎవరి మీద చూపించాలో ఎవరైనా చెప్పండి.

ఇంట్లో సునీతకు ఆ ఇబ్బంది లేదు, ఆమెకు మనిషి దొరికింది. అత్తతో మాట్లాడడం మానేసింది. కంచం ముందు పెట్టి వెళ్ళిపోతుంది. "చెప్పనియ్యి. ఒక్కపారి మొఖం మీద చెప్పనియ్యి" అని నా దగ్గర పళ్ళు కొరికేది. నేను వద్దన్నాను. చెబితే ముసలామె బతకదు అన్నాను. సునీత ఊరుకుంది గానీ మా మధ్య కూడా మాట తగ్గింది.

వానలు పడ్డాక తీసిన స్కాన్‌లో ఏమీ లేదు. ఆపరేషన్ చాలిందా, ఆ ఒక్క సూదే పని చేసిందా అని అడిగితే చెప్పలేమన్నారు. మళ్ళీ వస్తుందా అంటే అదీ చెప్పలేమన్నారు. వీధిలో మాత్రం చెప్పగలిగిన మనిషి ఉంది. మా అవ్వ. "హైదరాబాదోళ్ళతోని కాలే. నేను గడ్డ కరిగించినంకనే నా కొడుకు తేరుకున్నడు" అని గడప ముందు కూర్చొని అందరికీ చెప్పసాగింది. నేను వింటూ లోపల ఉడికిపోయేవాణ్ణి. బస్సు డ్యూటీలో మళ్ళీ చేరాక అది వినే బాధ తప్పిందనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి వంటింట్లో ఉప్పు వేగుతోంది. మంచం మీద మమత కూర్చొని ఉంది. వెనక వీధి పిల్ల, బీడీలు చేస్తుంది, మొగుడు దుబాయిలో ఉంటాడు. పక్కన ఆముదం గిన్నె.

"చంకల గడ్డయింది రాజేశమన్నా. శాన దినాలైంది. నొప్పి లేదు గని పెరుగుతున్నది. దవాఖానకు పోదామంటే సిగ్గు. పెద్దవ్వ కరిగిస్తదని అందరంటే అచ్చిన" అంది.

భుజం మీద సంచి కూడా దించలేదు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆపి, పెనం ఎత్తి సింకులో కొట్టాను. ఉప్పు చిటపటలాడింది.

"నువ్వు కరిగించింది రోగం కాదే అవ్వా! మందు! గది మందు! నాది ముల్లు గాదు, ఆనె గాదు, క్యాన్సర్. గా గడ్డల పెట్టింది క్యాన్సర్ మందు. నువ్వు కాపి కాపి దాన్ని ఒక్కపారే ఒంట్లకు ఇడిసినవ్. నేను సావుదాక పోయచ్చిన. ఇంకో సూది ఇయ్యలేమన్నరు. ఇప్పుడు గీ పిల్లను ఏం జేస్తవ్? గీమెను కూడ కరిగిస్తవా?"

వీధి మొత్తం విని ఉంటుంది. మమత లేచి నిలబడి గోడకు ఆనుకుంది. సునీత వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళూ చెప్పనియ్యమని పోరు పెట్టిన మనిషి ఇప్పుడు ఆపుతోంది.

అవ్వ నేల మీద కూర్చుంది. ఏడవలేదు. తలెత్తి నా వైపు చూసింది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తట్టుకోవని."

"నువ్వు సావును తట్టుకున్నవ్. ఒక్క మాట నేను తట్టుకోనార? క్యాన్సర్ అని చెప్తే, గా గడ్డ మీద నేను చెయ్యి పెట్టేదాన్నా? ఈగను గూడ వాలనియ్యకపోదును."

ఏడాది పాటు రోగం మీద, దవాఖాన మీద, వీధి మీద, దేవుడి మీద కోప్పడ్డాను. ఆ కోపమంతా ఎక్కడికి పోయిందో గానీ ఆ నిమిషంలో లేదు. ఇది చదువుతున్నవాళ్ళు ఎవరైనా ఇంట్లో ముసలివాళ్ళకు తెలియకుండా రోగం దాస్తుంటే, దయచేసి దాచకండి. వాళ్ళ చేతులు ఊరికే ఉండవు. తెలిస్తే ఆ చేతులే కాపలా ఉంటాయి.

ఆ పూట అవ్వ అన్నం తినలేదు. సునీత కంచం తెచ్చి, పెట్టి వెళ్ళకుండా ఎదురుగా కూర్చుంది. కాసేపటికి అవ్వ ఒక ముద్ద తింది.

మర్నాడు పొద్దున నేను యూనిఫాం వేసుకుంటుంటే అవ్వ ఇస్త్రీ చీర కట్టుకొని గడప దగ్గర నిలబడి ఉంది. జగిత్యాల వెళ్ళాలంది. మమతను వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల రానంటే నీ ఇంటి ముందే కూర్చుంటానని బెదిరించి లేపిందట. నేను డిపోకు ఫోన్ చేసి సెలవు పెట్టాను. వాళ్ళిద్దరి వెనక సీట్లో కూర్చున్నాను. దారంతా అవ్వ మమత చెయ్యి వదల్లేదు.

దవాఖానలో ఆడ డాక్టరు ఉన్న గది ముందు ఎప్పటిలాగే కూర్చున్నాం, ఎప్పటిలాగే మా వెనకవాళ్ళు ముందుకు పోయారు. ఈసారి అవ్వ లేచింది. కర్ర నేలకు కొట్టి, "గీ పిల్ల ముందలచ్చింది" అని అందరినీ ఆపింది. మమత పేరు పిలిస్తే అవ్వ కూడా వెంట లోపలికి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది, లోపలి మాటలు నాకు వినబడ్డాయి.

"దీని మీద ఏమైనా పెట్టారా అమ్మా? పసరు, కాపడం, ఏమైనా?" అని డాక్టరు అడిగింది.

అవ్వ జవాబు చెప్పింది.

"ఏం పెట్టలే బిడ్డా. నిన్న పెడుదునే. నేను ఎరుక లేక కాపితే నా కొడుకు మందు కరిగిపోయింది, వాడు సావు దాక పోయచ్చిండు. గిదాన్ని నేను ముట్టలే. నువ్వు సూడు."